సబ్బు పెట్టెకు ప్రహరీ గోడ

పోయిన ఏడాది జూన్ మొదట్లో నా చేతిలో ఉన్న సరుకు నాలుగు వందల పదహారు ఖాళీ డబ్బాలు. వాటిలో పదహారు పాతవి. మిగిలిన నాలుగు వందలు నా హిందీ వల్ల వచ్చినవి. ఢిల్లీ వ్యాపారితో ఫోన్లో నేను 'చాలీస్' అన్నాను, అంటే నలభై. ఆయనకు 'చార్ సౌ' అని వినపడింది. లారీ ఆఫీసు నుంచి అట్టపెట్టెలు రిక్షా మీద వచ్చి నా గుమ్మం ముందు దిగేదాకా మా ఇద్దరిలో ఎవరికీ అనుమానం రాలేదు. తిరిగి పంపితే కిరాయి నాదేనన్నాడు. ఉంచుకున్నాను.

మాది గడియారం సెంటర్లో ఎలక్ట్రానిక్ విడిభాగాల కొట్టు. చీకటి పడగానే వరండా దీపం దానంతటదే వెలగాలని, గేటు దగ్గర ఎవరైనా నిలబడితే లోపల గంట మోగాలని కోరుకుని, అలాంటివి ఇంట్లోనే సొంతంగా తయారు చేసుకునేవాళ్ళు మా పట్నంలో మూడు వందల మంది దాకా ఉన్నారు. లెక్చరర్లు, రిటైరైన టెలిఫోన్ ఉద్యోగులు, పాలిటెక్నిక్ చదివి బ్యాంకు గుమాస్తాలైనవాళ్ళు. రిలేలు, సెన్సర్లు, అరచేతిలో సగం ఉండే కంట్రోలర్ బోర్డులు అన్నీ నా దగ్గరే కొంటారు. డబ్బా మాత్రం కొనరు.

డబ్బాలు బాగోలేక కాదు. బూడిద రంగు గట్టి ప్లాస్టిక్కు. నాలుగు మూలల్లో నాలుగు ఇత్తడి మరలు. మూత అంచు చుట్టూ నల్ల రబ్బరు పట్టీ. మూత పడితే 'టక్' మని మెత్తగా ఒక చప్పుడు. ఆ చప్పుడు కోసమే వచ్చేవాళ్ళున్నారు. ఫిజిక్సు లెక్చరరు ఒకాయన వారానికోసారి వచ్చి, ఒక డబ్బా చేతిలోకి తీసుకుని, నాలుగుసార్లు తెరిచి మూసి, నిట్టూర్చి, ఉన్నచోటే పెట్టేసి, పది రూపాయల రెసిస్టర్లు కొనుక్కుని వెళ్ళేవాడు. మా ఊళ్ళో ఎవరు ఏది తయారు చేసినా పెట్టేది సబ్బు పెట్టెలోనే. దానికి మూత ఉంటుంది. నీళ్ళు కారిపోవడానికి అడుగున కన్నాలుంటాయి, వైర్లు వాటిలోంచి తీసుకోవచ్చు. పాతదొకటి ప్రతి ఇంట్లోనూ ఎలాగూ ఉంటుంది. దానితో పోటీ పడటం నా వల్ల కాలేదు.

సబ్బు పెట్టెల వాళ్ళందరిలోకీ పనిమంతుడు టైలరు పైడిరాజు. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమకాలు పోయింది, చంకకర్ర మీద నడుస్తాడు. కుట్టు మిషను తొక్కలేడు గనక దానికి మోటారు బిగించుకున్నది కూడా అతనే. మా వెనక సందులో మూడంతస్తుల ఇంట్లో మెట్ల కింద గది అతని కొట్టు. ఆ గది ఇంటాయన తక్కువ అద్దెకు ఇచ్చాడు. షరతు ఏమిటంటే, ఇంట్లో నాలుగు వాటాలకూ నీళ్ళ బాధ్యత పైడిరాజుది. కుళాయి రోజుకు రెండుసార్లు వస్తుంది. ఎప్పుడొస్తుందో చెప్పలేం. వచ్చినప్పుడు కింద మోటారు వేయాలి, డాబా మీద ట్యాంకు నిండిందో లేదో ఎక్కి చూడాలి, నిండగానే ఆపాలి. ట్యాంకు ఎండినా, పొర్లి పక్కింటివాళ్ళ వడియాల మీద పడినా గది ఖాళీ చేయాలి. డాబాకు ముప్పై ఎనిమిది మెట్లు.

పైడిరాజు నా దగ్గర రిలే, సెన్సరు, బోర్డు కొని, నీలం రంగు సబ్బు పెట్టెలో ఒక యంత్రం తయారు చేసి, మెట్ల పైన ట్యాంకు పక్క గోడకు బిగించాడు. గొట్టంలోకి నీళ్ళు రాగానే మోటారు తిరుగుతుంది, ట్యాంకు నిండగానే ఆగుతుంది. దానికి 'జీతగాడు' అని పేరు పెట్టాడు. రెండేళ్ళలో అది ఒక్క రోజు కూడా సెలవు పెట్టలేదు.

అలా ఉండగా మా పట్నానికి గృహ స్వయంచాలన ప్రోత్సాహక మండలి వచ్చింది. పై వాళ్ళకు ఆ ఏడు ఆటోమేషన్ మీద ప్రేమ పుట్టింది. ప్రారంభ సభలో మండలి సంచాలకులు విశ్వపతి గారు ముప్పావుగంట మాట్లాడారు. "ప్రతి గృహమునందు స్వయంచాలనము, ప్రతి పౌరునియందు నిశ్చలత్వము, ఇదియే మన ధ్యేయము" అన్నారు. ఆ సభలో ఫ్యాన్లు వేయడానికి ఒకడు, ఆపడానికి ఒకడు, ఏది ఎవరి పనో చూడటానికి ఒకడు, ముగ్గురు అటెండర్లు ఉన్నారు. పరికరాలు నమోదు చేసుకున్నవాళ్ళకు ప్రోత్సాహం ఉంటుందని ప్రకటించారు. మండలి అంటూ వచ్చాక మంచి డబ్బాల గిరాకీ రాకుండా ఎక్కడికి పోతుందని నేను లెక్క వేసుకున్నాను. ముందుగా ఒకరు నమోదైతే మిగిలినవాళ్ళు వెంట వస్తారు. పైడిరాజు దగ్గరికి వెళ్ళాను.

"ఎందుకు సావుకారా? నా జీతగాడు సుబ్బరంగా పనిసేస్తన్నాడు గదా. పేరు రాయిస్తే నీళ్ళు బేగి వస్తాయా ఏటి?"

"పేపర్లో ఫోటో పడుతుందయ్యా."

"నాదా, దానిదా?"

"ఇద్దరిదీ."

"నా ఫోటో సూస్తే ఉన్న గిరాకీ పోద్ది. దానిదే ఎయ్యమను."

నమోదు చేయించాను. ఒకటో నెంబరు అతనిది. నెల తిరక్కుండానే మండలిలో మూడు వందల ఎనిమిది సబ్బు పెట్టెలు నమోదయ్యాయి.

జూన్ మూడో వారంలో పై నుంచి ఒక్క వాక్యం నిబంధన వచ్చింది, ఇంగ్లీషులో. తగిన ఎన్‌క్లోజర్ లేని ఏ పరికరానికీ కరెంటు ఇవ్వరాదు. నిబంధన ఏదైనా తెలుగులోకి మారితే గానీ మా మండలిలో అమలు కాదు. అనువాదాధికారి సోమయాజులు గారు ముప్పై ఒక్క సంవత్సరాలు రకరకాల ఆఫీసుల్లో పనిచేసిన మనిషి. అంత సర్వీసులోనూ ఎన్‌క్లోజర్ అన్న మాట ఆయనకు తగిలింది ఒకే ఒక్క చోట. ఉత్తరాల కింద ఎడమచేతి మూల, జత చేసిన కాగితాల జాబితా మీద. అందుచేత తెలుగులో ఇలా వెలువడింది: "తగిన జతపత్రములు లేని ఏ పరికరమునకును విద్యుత్ప్రవాహము అనుమతింపరాదు."

ఎన్‌క్లోజర్ అంటే ఏమిటో నాకు తెలుసు. ఢిల్లీ బిల్లులో రాసి ఉన్నది ఆ మాటే. ఎన్‌క్లోజర్లు, నాలుగు వందలు. ఆ బిల్లు నా గల్లాపెట్టె పక్కన ఇనప ముల్లుకు గుచ్చే ఉంది. అయినా, నన్ను ఎవరూ అడగలేదు గదా అనుకున్నాను.

జూన్ ఇరవై నాలుగున మండలి తనిఖీ అధికారి జోగారావు గారు ఒకటో నెంబరుతోనే మొదలుపెట్టారు. పైడిరాజుతో పాటు నేనూ డాబా ఎక్కాను.

"జతపత్రములు ఏవి?"

"ఏ పత్రాలు బాబూ?"

"అదే మేమూ అడుగుచున్నాము. లేవు గనుక విద్యుత్తు నిలుపుదల చేయడమైనది." సబ్బు పెట్టె చుట్టూ దారం చుట్టి, లక్క కరిగించి ముద్ర వేశారు. ముద్ర చెరిపినా, ఇంకో పరికరం పెట్టినా ఇంటి మోటారు కనెక్షనే తీసేస్తామని చెప్పి దిగిపోయారు. పైడిరాజు ముద్ర వంక చూశాడు, నా వంక చూశాడు.

"ఫోటో బాగా పడ్డాది సావుకారా" అన్నాడు.

ఆ సాయంత్రం కుళాయి వచ్చింది. చంకకర్ర శబ్దం మెట్ల మీద నా కొట్టుదాకా వినపడింది.

ఏ పత్రాలు కావాలో మండలికీ తెలియదు గనక అన్నీ కావాలన్నారు. పైడిరాజు ఆధార్, రేషన్ కార్డు, ఇంటాయన అంగీకార పత్రం, పరికరం ఫోటోలు ముందు నుంచి, పక్క నుంచి. ఆపైన పరికరం జనన ధ్రువపత్రం, ప్రవర్తన పత్రం, స్థానికత పత్రం. స్థానికత దగ్గర జోగారావు గారు స్వయంగా విచారణ జరిపారు.

"ఈ బోర్డు జన్మస్థలము?"

"సైనా, బాబూ."

"స్థానికేతరము. రిలే?"

"కోయంబత్తూరు."

"పొరుగు రాష్ట్రము. సబ్బు పెట్టె?"

"మన ఊరిదే బాబూ. అమ్మోరి తీర్తం సంతలో కొన్నాను."

"అయితే సబ్బు పెట్టెను కుటుంబ పెద్దగా చూపించి దరఖాస్తు చేయుము."

మొత్తం పదిహేడు పత్రాలు, మూడేసి ప్రతులు. అవి పరికరానికి 'జత' అయి ఉండాలి గనక ఆఫీసు ఫైల్లో ఉంటే చెల్లదు, పరికరాన్నే అంటిపెట్టుకుని ఉండాలి. యాభై ఒక్క కాగితాలకు కన్నం పొడిచి, ట్యాగు దారంతో సబ్బు పెట్టెకు కట్టారు. దూరం నుంచి చూస్తే దస్తరానికి సబ్బు పెట్టెను జత చేసినట్టుంది. పత్రాలు తడిసినా, మాసినా, ఎలక కొట్టినా అనుమతి రద్దు అన్నారు. అప్పుడు జనానికి నా డబ్బాలు గుర్తొచ్చాయి.

పత్రాలు మడిచి డబ్బాలో పెట్టి మూత వేస్తే నీరు చుక్క దిగదు, దుమ్ము చేరదు. లోపల ఉండవలసిన యంత్రం బయట సబ్బు పెట్టెలో, బయట ఉండవలసిన కాగితాలు లోపల నా డబ్బాలో. ఫిజిక్సు లెక్చరరు కూడా ఒకటి కొన్నాడు. మొహంలో ఆనందమూ అవమానమూ రెండూ ఉన్నాయి. అలా అరవై నాలుగు అమ్మాను. మిగిలినవి మూడు వందల యాభై రెండు. పైడిరాజు పదిహేడు పత్రాలూ సంపాదించేసరికి ఆగస్టు నెల సగం గడిచింది. ముద్ర విప్పే రోజు కూడా ఖాయమైంది.

ఆ ముందు రోజు పై నుంచి ఉత్తరం. మీరు పంపుతున్న జతపత్రాల జాబితాలు మాకెందుకు? ఎన్‌క్లోజర్ అంటే పరికరం చుట్టూ ఉండేది.

సోమయాజులు గారు నొచ్చుకున్నారు గానీ వెనక్కి తగ్గలేదు. చుట్టూ ఉండేది అంటే ఆవరణ. నిఘంటువు కూడా అదే చెప్పింది. వెంటనే సవరణ వెలువడింది: "జతపత్రములు అను చోట ఆవరణ అని చదువుకొనవలెను." ఆవరణ అనగా నేమి అన్న ప్రశ్నకు సంచాలకుల వారే బదులిచ్చారు. "పాఠశాలకు ఆవరణ ఉన్నది, ఆసుపత్రికి ఆవరణ ఉన్నది. పరికరము మాత్రము వీధిన పడి ఉండవలెనా?"

ఆ తర్వాత జోగారావు గారు టేపు పట్టుకుని వచ్చారు. ప్రతి పరికరం చుట్టూ నాలుగు వైపులా గోడ, రాకపోకలకు ఒక గేటు, గోడకూ పరికరానికీ మధ్య కనీసం ఒక అంగుళం ఖాళీ స్థలం.

"గోడకు తగిలించిన డబ్బీకి ప్రహరీ ఏటి బాబూ?" అన్నాడు పైడిరాజు.

"నిబంధనకు నిలువు, అడ్డము లేవు."

"గేటులోంచి ఎవులొస్తారు?"

"తనిఖీ నిమిత్తము మేము."

"అంగుళం గేటులోంచా!"

"అవసరమైనచో వెడల్పు చేయించెదము."

నా డబ్బాకు మూత తీసేస్తే మిగిలేది నాలుగు గోడలే గదా. ఒక గోడకు రంపంతో చిన్న గేటు కోసి, వెనక రెండు మరలు బిగిస్తే మండలి కొలతలకు సరిగ్గా సరిపోయింది. తూర్పు గేటు, ఉత్తరం గేటు అని రెండు రకాలు చేయించాను. తూర్పుదే ఎక్కువ పోయింది. రెండు వందల నలభై అమ్ముడయ్యాయి. మూతలన్నీ నా దగ్గరే మిగిలాయి. మూత ఎందుకు వద్దన్నారంటే, కప్పు వేస్తే అది ఆవరణ కాదు, గది అవుతుంది. గదికి ప్లాను అనుమతి కావాలి.

పైడిరాజు కూడా తూర్పు గేటు ఒకటి కొన్నాడు. అతని దగ్గర లాభం వేసుకోలేదు, అసలుకే ఇచ్చాను. అందులో సబ్బు పెట్టె అమర్చాడు. జోగారావు గారు వంగి చూశారు.

"ఆవరణ లోపల ఈ కట్టడము ఏమిటి?"

"ఏ కట్టడం?"

"సబ్బు పెట్టె. దీనికి మూత ఉన్నది. అనుమతి లేని నిర్మాణము." అని లక్క ముద్ర చెదరకుండా బ్లేడుతో దారం జరిపి, సబ్బు పెట్టె మూత ఊడదీసి, పైడిరాజు చేతిలో పెట్టి, పదిహేను రోజుల తర్వాత మళ్ళీ చూస్తామన్నారు.

ఆ పదిహేను రోజుల్లో ఒక తుపాను వచ్చింది. ఊళ్ళో రెండు వందల నలభై ఆవరణల్లోకి వాన నేరుగా దిగింది. కరెంటు అనుమతి వచ్చినవి కాలిపోయాయి. రానివి నానిపోయాయి. గేట్లు మాత్రం బాగా పనిచేశాయి. లోపలి నీరంతా వాటిలోంచి బయటికి పోయింది. 'స్వయంచాలన పరికరముల యందు జలగ్రహణ సామర్థ్యము' అని మండలి ఒక నివేదిక పంపింది.

తుపాను రెండో రోజున ట్యాంకు చూడటానికి ఎక్కుతూ పైడిరాజు జారాడు. పదకొండు మెట్లు. చంకకర్ర రెండు ముక్కలైంది, కుడిచేతి మణికట్టు వాచింది. టైలరుకు కుడిచేయి పోతే ఇంకేముంది? ఆ వారమంతా అతని భార్య తాతమ్మ మెట్లెక్కింది. నేను వెళ్ళేసరికి అతను కాలు చాపుకుని ఎడమచేత్తో కాజాలు కుడుతున్నాడు.

"ఇంటాయన వొచ్చి ఎల్లినాడు సావుకారా. పైకెక్కలేనోడికి గది ఎందుకన్నాడు. సంకురాత్రిదాకా గడువిచ్చినాడు."

"అనుమతి వచ్చేస్తుందిలే."

"అనుమతొస్తాది. నానుంటానో, ఉండనో."

కొట్టుకు వచ్చి సరుకు చూసుకున్నాను. నూట పన్నెండు డబ్బాలున్నాయి. కాగితాలకు కొనేవాళ్ళు కొనేశారు, గోడలకు కొనేవాళ్ళు కొనేశారు. మిగిలినవి పోవాలంటే ఎన్‌క్లోజర్‌కు అసలు అర్థం బయటపడాలి. పైడిరాజు మణికట్టు కూడా నా కళ్ళ ముందుంది. నిజం చెప్పడానికి అదే సమయం అనిపించింది. రెండు కారణాల్లో ఏది బరువైనదో నేను తూచలేదు.

మండలికి వెళ్ళి ఢిల్లీ బిల్లు చూపించకుండానే చెప్పాను. "అయ్యా, ఎన్‌క్లోజర్ అంటే డబ్బా."

సోమయాజులు గారు కళ్ళజోడు తీశారు. "డబ్బా అనునది గ్రామ్యము. అయిననూ ఆ అర్థము సంభవమే." ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మూడు నెలలుగా ఆ మాట ఆయన్ను నిద్రపోనివ్వలేదట. "మీరు ముందుగా చెప్పి ఉండవలసినది" అన్నారు.

"అడిగితే చెప్పేవాణ్ణి" అన్నాను.

మూడో సవరణ వచ్చింది: "ఆవరణ అను చోట పెట్టె అని చదువుకొనవలెను." ఇంక పైడిరాజు కష్టం తీరినట్టే అనుకున్నాను. కానీ పెట్టె అన్నాక అది ఎలాంటి పెట్టో తేల్చాలి గదా. 'నీరు, ధూళి, చీమ, చేయి చొరరానిది' అని సంచాలకుల వారు నిర్వచించారు. పరీక్ష కోసం మండలి వరండాలో ఒక బక్కెట్టు పెట్టారు. పెట్టెను అరగంట ముంచుతారు.

పైడిరాజు ముద్ర చెదరకుండా యంత్రాన్ని సబ్బు పెట్టెలోంచి తీసి, ఎండబెట్టి బాగుచేసుకుని, కాగితాలకని నా దగ్గర కొన్న డబ్బాలో బిగించాడు. వైర్లు బయటికి వచ్చేచోట కన్నాలకు రబ్బరు బిగింపులు నేనే ఊరికే ఇచ్చాను. అరగంట ముంచారు. తీసి చూస్తే లోపల పొడిగా ఉంది. జోగారావు గారు డబ్బా తిప్పితిప్పి చూశారు.

"ఇచట రంధ్రములు ఉన్నవి."

"నీరు రాలేదు గదా బాబూ."

"నీరు రాకపోవుట వేరు, రంధ్రము లేకపోవుట వేరు."

"కన్నం నేకపోతే వైరు ఎలాగెళ్తాది? వైరు నేకపోతే కరెంటు ఎలాగొస్తాది?"

"నిబంధన పెట్టెను గూర్చి. కరెంటును గూర్చి కాదు."

కన్నం లేని డబ్బాలో వైరు పట్టదు. వైరు లేకుండా యంత్రం పనిచేయదు. పనిచేయని యంత్రాన్ని లోపల పెట్టడం దండగ. ఈ లెక్క ఊళ్ళో అందరూ తలా ఒకచోట కూర్చుని వేసుకుని ఒకే జవాబుకు వచ్చారు. ఖాళీ డబ్బాలు మునిగాయి, పొడిగా తేలాయి, ముద్ర పడి అనుమతి పత్రంతో ఇంటికి వెళ్ళాయి. 'పెట్టె ముఖ్యము, లోపల పరికరముండుట ఐచ్ఛికము' అని సంచాలకుల వారి సంతకంతో స్పష్టీకరణ కూడా వచ్చింది. అక్టోబరు చివరికి నా దగ్గర ఒక్క డబ్బా మిగల్లేదు. మూతలు రెండు వందల నలభై ఉన్నాయనుకున్నాను. వాటిని మండలే కొన్నది, సమావేశాల్లో టీ కప్పుల కింద పెట్టుకోవడానికి.

డిసెంబరులో, ఏడాది నిండకుండానే, మండలి వార్షికోత్సవం. నూట పన్నెండు పరికరాలు, సున్న ప్రమాదాలు, సున్న విద్యుత్ వినియోగం. ప్రథమ బహుమతి ఒకటో నెంబరుకు. పైడిరాజు కొత్త చంకకర్ర మీద వేదిక ఎక్కి, ఖాళీ డబ్బా చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. సంచాలకుల వారు శాలువా కప్పి మైకులో అడిగారు.

"ఇది ఎంత విద్యుత్తును వినియోగించును?"

"ఏటీ తినదు బాబూ."

"శబ్దము?"

"అస్సలు మాటాడదు. మీ ఆఫీసులో ఫైలు నాగే."

సభలో నవ్వులు. సంచాలకుల వారు కూడా పొగడ్తే అనుకుని నవ్వారు. "దీని వలన మీకు ఇంటియందు కలిగిన ప్రయోజనము?"

"మెట్లు, బాబూ. రోజుకి రెండు దఫాలు, ముప్పై ఎనిమిదేసి."

"వ్యాయామము!" అన్నారు సంచాలకుల వారు. చప్పట్లు మోగాయి.

సభ అయ్యాక పైడిరాజు శాలువాతోనే నా కొట్టుకు వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. నేను ఎవరికో రిలేలు లెక్కపెట్టి ఇస్తున్నాను. అతను ఇనప ముల్లు మీది బిల్లులు ఊరికే తిరగేస్తూ ఒకదాని దగ్గర ఆగాడు. పదో తరగతి దాకా చదివినవాడు. ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాడు.

"ఎన్‌క్లోజరు. నాలుగు వొందలు. మే నెల తారీకు." బిల్లును మళ్ళీ ముల్లుకు గుచ్చాడు. "నీకు ముందే తెలుసన్నమాట."

"నన్ను ఎవరూ అడగలేదయ్యా."

"అవును. అడగాలని నాకూ తెలీనేదు." కర్ర అందుకుని లేచాడు. "తప్పు నాదే సావుకారా."

తిట్టి ఉంటే బదులు చెప్పేవాణ్ణి.

ఆ తర్వాత జరిగింది నేను మండలి గుమాస్తాల ద్వారా విన్నాను. జనవరిలో, ఇంటాయన గడువు దాటి వారమయ్యాక, పైడిరాజు ఒక్కడే మండలికి వెళ్ళి సోమయాజులు గారి ముందు నిలబడ్డాడట.

"బాబూ, సబ్బు పెట్టె మీ రూలు కిందికి వస్తాదా?"

"సబ్బు పెట్టె గృహోపకరణము. మా పరిధిలోనిది కాదు."

"మరి నా సబ్బు పెట్టెకి మీ ముద్ర ఎలాగేసినారు?"

పరిధిలో లేని వస్తువు మీద లక్క ఖర్చు పెట్టినట్టు ఆడిట్‌లో తేలితే ఎవరి జీతంలోంచి పోతుందో జోగారావు గారికి వెంటనే అర్థమైంది. గంటలో పత్రం తయారైంది. సోమయాజులు గారు జీవితంలో ఏ అనుమానమూ లేకుండా రాసిన వాక్యం అదొక్కటే అంటారు: "ఇది సబ్బు పెట్టె మాత్రమే అనియు, పరికరము కాదనియు ధ్రువీకరించడమైనది." కింద ఒక షరతు. సబ్బు ఉన్నంతవరకే అది సబ్బు పెట్టె. తనిఖీలో సబ్బు కనపడవలెను.

జనవరి ఇరవై రెండున ముద్ర తీశారు. జీతగాడు సబ్బు పెట్టెలోకి తిరిగొచ్చి, నెత్తి మీద సబ్బు బిళ్ళ పెట్టుకుని మళ్ళీ పనిలో చేరాడు. ఇంటాయన నీళ్ళు చూసి నోరు మూసుకున్నాడు. ఊళ్ళో మిగిలినవాళ్ళు కూడా సబ్బు పెట్టె ధ్రువపత్రాలకు వరస కట్టారు. నేను ఈసారి అనకాపల్లి టోకు వ్యాపారితో శుభ్రంగా తెలుగులో మాట్లాడి నలభై డజన్ల సబ్బులు తెప్పించాను. సరిగ్గా నలభై డజన్లే వచ్చాయి. అందరూ నా దగ్గరే కొన్నారు, పైడిరాజు తప్ప. అతని సబ్బు మార్కెట్టు వీధి నుంచి వస్తోంది.

ఫిబ్రవరిలో ఒక రోజు నేనే ఒక సబ్బు జేబులో వేసుకుని వెళ్ళాను. అతను జాకెట్టు గుడ్డ మీద సుద్దతో గీస్తున్నాడు. తలెత్తలేదు.

"జీతగాడికి సబ్బు తెచ్చాను పైడిరాజూ. డబ్బులేం వద్దు."

"పైనున్నాడు. నువ్వే ఎక్కి ఎట్టిరా సావుకారా. నాకు పనున్నాది."

ఎక్కాను. పన్నెండో మెట్టు దగ్గర ఎడమ గోడ మీద తెల్ల గీతలు కనపడ్డాయి. టైలరు సుద్ద. నాలుగు నిలువు, ఒకటి అడ్డం, అయిదేసి కట్టలు. ఎక్కినప్పుడల్లా ఒక గీత గీసుకున్నట్టున్నాడు. గీతలు డాబా తలుపు దాకా వెళ్ళి, అక్కడ ఆగి, మళ్ళీ కింది వరసలో మొదలయ్యాయి. మధ్యలో కొన్ని వంకరగా ఉన్నాయి, అలవాటు లేని చేయి గీసినట్టు. అవి తాతమ్మవి అయి ఉండవచ్చు. వస్తువు కనపడితే లెక్కపెట్టడం నాకు పుట్టుకతో వచ్చిన అలవాటు. మెట్టు మీద నిలబడి లెక్కపెట్టాను. ముద్ర ఉన్నది రెండు వందల పన్నెండు రోజులు, రోజుకు రెండు. నాలుగు వందల ఇరవై నాలుగు.

సబ్బు పెట్టెలో సబ్బు పెట్టి దిగాను. నేను అమ్మిన డబ్బాలు నాలుగు వందల పదహారు. అతని గీతలు ఎనిమిది ఎక్కువ. ఆ ఎనిమిదికి నా కొట్లో సరుకు లేదు.